దుప్పులు కుక్కను ఎంచుకున్న రోజు

జీడితోటలు అయిపోయి కొండ మొదలయ్యే చోట ఇది మాదంటారు మనుషులు, కాదు మాదంటాయి జంతువులు. మనుషులు రాగులు పండే చోడిచేలకు కంచెలు కడతారు, పందులు ఆ కంచెలు విప్పడం నేర్చుకుంటాయి. ఇలా ఒకర్నొకరు తిట్టుకుంటూ ఇరుగుపొరుగుగా ఎన్నాళ్లనుంచో బతుకుతున్నారు. ఆ కొండవారన ఒక దుప్పుల మంద ఉండేది. అందమైనవి, మంచివి. లోపమల్లా ఒకటే. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల మాట నమ్మేస్తాయి. గట్టిగా మాట్లాడడంలో ఆ కొండ మీద పరమేశం తర్వాతే ఎవరైనా.

పరమేశం నక్క. రోజూ ఊళ్లోకి వెళ్లొస్తాడు. ఎవరి పెరట్లో కోళ్లగంప వదులుగా ఉంది, ఎవరింట్లో చేపల పులుసు మిగిలింది, అన్నీ అతనికే తెలుసు. ఊరి సంగతి ఏదైనా సరే, పరమేశాన్ని అడగాల్సిందే. అతనికి వేరే పనంటూ లేదు. పదిమందికీ తన అవసరం పడేలా చూసుకోవడమే అతని పని, అది మాత్రం చాలా శ్రద్ధగా చేసేవాడు.

ఒకనాటి పొద్దున చుక్కమ్మ అనే దుప్పి తన పిల్లను గడ్డిలో పడుకోబెట్టి, రాలిన ఇప్పపూల కోసం చేను గట్టుదాకా వెళ్లింది. అక్కడ ఎవరో పందుల కోసం ఇనపతీగతో ఉచ్చు పెట్టారు. ఆ ఉచ్చు చుక్కమ్మ వెనకకాలికి పడింది. ప్రాణభయంతో లాగితే తీగ కట్టిన మేకు ఊడొచ్చింది గాని తీగ కాల్లోకి దిగబడిపోయింది. ఆ తీగతోనే, రక్తం ఓడుకుంటూ పొదల్లోకి పారిపోయింది. చెట్టు మీద ఉన్న కొండముచ్చు సింహాద్రి అది చూసి కేకపెట్టాడు. మందంతా చెదిరి మళ్లీ గుమిగూడేసరికి చుక్కమ్మ లేదు.

పిల్ల మాత్రం ఉంది. ఇంకా గడ్డి కొరకడం కూడా రాని పిల్ల. అది లేచొచ్చి చుక్కమ్మ చెల్లెలు నీలవేణి పొట్ట కింద మూతి పెట్టి వెతుక్కుంది.

"నా దగ్గర లేవురా నాన్నా," అంది నీలవేణి. ఆ ఏడు ఆమె ఈనలేదు. పిల్లకి అదెలా తెలుస్తుంది? మళ్లీ మళ్లీ వెతుక్కుంటూనే ఉంది.

సింహాద్రి కిందికి దిగొచ్చాడు. "తీగ విప్పడం నా వల్ల అవుతుంది. నాకు వేళ్లున్నాయి. కానీ తను ఎక్కడుందో తెలియాలి కదా! తుప్పల్లో దూరింది. పైనుంచి ఎంత చూసినా ఆకులే కనపడుతున్నాయి."

"రక్తం పడిన దారి పట్టుకుని పోతే?" అంది నీలవేణి.

"ఆకు కింద ఒక చుక్క, రాయి చాటున ఒక చుక్క. అది నాకూ నీకూ అయ్యే పనా? ముక్కున్నవాడు కావాలి."

"ముక్కు" అనగానే అందరికీ ఒకటే తట్టింది, ఎవరూ పైకి అనలేదు. అనడానికి పరమేశం ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, పుట్ట పక్కన కూర్చుని ఉన్నాడు.

"కుక్క కావాలమ్మా. దెబ్బతిన్న జంతువుని మనుషులు వెతికించేది కుక్కతోనే."

మందంతా ఒక అడుగు వెనక్కి వేసింది. పుట్టినప్పటినుంచి ఏ వాసన వస్తే పరిగెత్తమని నేర్పారో, ఆ వాసనని తామే పిలిచి లోపలికి తెచ్చుకోవాలట! నీలవేణి తన పొట్ట కింద ఉన్న పిల్లను చూసింది.

"అక్క కోసం కుక్కనైనా పిలుద్దాం. ఎవర్ని పిలవాలో మీరే చెప్పండి పరమేశం బావూ."

పరమేశం అప్పటికే తన లెక్క తను వేసుకున్నాడు. అతనికి చుక్కమ్మ కావాలి. మందకి ఎందుకు కావాలో అందుకు కాదు. తనంతట తాను వెతికి పట్టుకునే ఓపిక లేదు, కాలు విసిరితే తట్టుకునే ధైర్యమూ లేదు. ఎవరో ఒకరు దాన్ని లేపి, కూలబడేదాకా పరిగెత్తించాలి. తర్వాత సంగతి తను చూసుకుంటాడు.

"ఎవరేంటి, బుల్లెట్! సర్పంచి గారి జాగిలం. ఈ చుట్టుపక్కల అంత కుక్క లేదు. నడుము చూస్తే పిడికిట్లో పట్టేంత, కాళ్లు చూస్తే మేకపోతంత ఎత్తు. పరిగెత్తితే దుమ్ము లేచేలోపే దాటిపోతాడు."

"మనకి కావాల్సింది పరుగేనా?" సింహాద్రికి ఎందుకో అనుమానం వచ్చింది.

"పిల్ల ఆకలితో ఉందా లేదా? ఆలస్యమైతే నష్టం ఎవరికి, నాకా?"

ఆ మాటకి మందంతా తలూపింది. పిల్ల అరుస్తోంది మరి.

పరమేశం వెళ్లి చెప్పగానే బుల్లెట్ వచ్చాడు. నిజంగా అందగాడే. కాళ్లు ఒకసారి చాపి, ఒళ్లు విరుచుకుని, "ఏది? ఎటు?" అన్నాడు. జవాబు వినకుండానే గొంతెత్తి మొరుగుతూ తుప్పల్లోకి దూకాడు. వెనకే పరమేశం, నాలుక చాపి చొంగ కార్చుకుంటూ.

ఎక్కువ దూరం వెళ్లక్కర్లేకపోయింది. మొదటి గుట్ట దాటగానే ముళ్లపొద వెనక పెళపెళమని చప్పుడైంది. చుక్కమ్మ అక్కడే పడుకుని ఉంది. మొరుగుడు వినగానే మూడు కాళ్ల మీద లేచి, వాగులోకి దూకి, అవతలి ఒడ్డెక్కి పోయింది. బుల్లెట్ వాగుదాకా తరిమాడు. అక్కడ ఒక కుందేలు అడ్డంగా లేచింది. ఇక చెప్పేదేముంది, బుల్లెట్ కుందేలు వెంట పడ్డాడు. కుందేలు బొరియలో దూరింది. బుల్లెట్‌కి దాహం వేసింది. ఊరివైపు తిరిగి ఇంటికి పోయాడు.

మంద ఆ పొద దగ్గరికి వెళ్లి చూసింది. గడ్డి నలిగి ఉంది. ఒకచోట రక్తం మడుగు కట్టి ఉంది, ఇంకా వెచ్చగా.

"ఇంత దగ్గర్లో ఉంది," అంది నీలవేణి. "పిలిస్తే పలికేంత దగ్గర్లో. మనమే లేపి తరిమేశాం." ఆపైన ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఏటే తల్లీ, ఏటయిందని ఆ గోల?" అంటూ తుప్పల్లోంచి ఒక ముసలి అడవిపంది వచ్చింది. దుంపలు తవ్వుకు తింటుంది గనక అందరూ దుంపల మామ్మ అంటారు. దుప్పులు ఆమెతో పెద్దగా కలవవు. బురద వాసనంటాయి, మాట మోటంటాయి. ఇవాళ ఎవరూ ముక్కు మూసుకోలేదు. జరిగిందంతా చెప్పారు.

మామ్మ నలిగిన గడ్డిని మూతితో ఒకసారి కదిపింది.

"ఆ ఉచ్చు నాకోసం పెట్టింది. నాకు పడాల్సింది మీ అప్పకి పడింది. ఇంక నేను పోయి పడుకుంటే నిద్ర పడుతుందేటి?" అంది. "నా మాట ఇనండి. దెబ్బ తగిలినోళ్లు ఎవరూ తరమకపోతే దూరం పోరు. ఓ చాటు చూసుకుని పడుకుంటారు. తరిమితే మాత్రం ఒంట్లో నెత్తురున్నంతసేపూ పరిగెడతారు. నన్నూ ఒకసారి తరిమారులే. ఆ రోజు నన్ను పరిగెత్తించింది నొప్పి కాదు, కుక్క గొంతు."

"మరైతే కుక్క వద్దంటావా?" అన్నాడు సింహాద్రి.

"వద్దని ఎవరన్నారు? వాగు దాటిపోయాక కుక్క లేకపోతే దొరకదు. ఏ కుక్క అన్నదే అడుగుతున్నా. ఏం బావూ, ఊళ్లో ఇంకెవరున్నారు?"

పరమేశానికి బుల్లెట్‌నే మళ్లీ తీసుకురావాలని ఉంది. రెండోసారి తరిమితే చుక్కమ్మ ఖాయంగా కూలిపోతుంది. అందుకని మిగతావాళ్లందర్నీ వరసగా తీసిపారేయడం మొదలుపెట్టాడు.

"ఎవరున్నారు మామ్మా! డాక్టరమ్మ గారి బొచ్చుకుక్క ఉంది. ముల్లు గుచ్చుకుంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. బజారు కుక్కలున్నాయి. ఒకదాన్ని పిలిస్తే అన్నీ వస్తాయి, వచ్చినందుకు అన్నీ వాటా అడుగుతాయి. ఆపైన డ్రిల్లు మాస్టారి దొరబాబు ఉన్నాడు." ఇక్కడ పరమేశానికి నవ్వాగలేదు. "వాణ్ని చెప్పడం కూడా దండగ."

"ఎందుకో?"

"పొట్టి కాళ్లు. పొట్ట నేలకి రాసుకుంటుంది. చెవులు ఎంత పొడుగంటే నడుస్తుంటే మట్టి ఊడ్చుకుంటూ పోతాడు."

"ఇంకా?"

"నత్తనడక. ఒకచోట వాసన చూస్తే అక్కడే నిలబడిపోతాడు. అదే వాసన మళ్లీ చూస్తాడు."

"ఇంకా?"

వినేవాళ్లు దొరికితే పరమేశానికి ఆగడం తెలీదు. "మూగవాడనుకో. దారిలో ఒక్క మొరుగు మొరగడు. మహా మొండి! మాస్టారు ఊరందరి పిల్లలకీ డ్రిల్లు నేర్పాడు గాని సొంత కుక్కకి కూర్చోవడం నేర్పలేకపోయాడు. ఒకసారి మాస్టారి మేక తప్పిపోయింది. వీడు దాని వాసన పట్టుకుని మాంసం కొట్టు ముందునుంచే పోయాడు. కొట్టువాడు ఎముక విసిరాడు. తలతిప్పి చూస్తేనా! అన్నానికి పిలిచినా రాలేదట. బుద్ధున్న కుక్క చేసే పనేనా అది?"

"మేక దొరికిందా?" అంది మామ్మ.

పరమేశం తోక ముడుచుకున్నాడు.

"దొరికింది," అన్నాడు చిన్నగా.

"అతన్నే తీసుకురండి."

పరమేశం అప్పుడు చూసుకున్నాడు తను చేసిన పని. బుల్లెట్‌ని పొగిడినప్పుడు అంత బాగా మాట్లాడలేదు తను. దొరబాబుని తిడుతూ, పనికి కావలసినవన్నీ ఒక్కటీ వదలకుండా ఏకరువు పెట్టాడు.

మాస్టారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి సింహాద్రి వెళ్లాడు. స్తంభానికి తగిలించిన కొక్కెం విప్పి దొరబాబుని గొలుసుతో సహా తీసుకొచ్చాడు. పొడుగాటి గొలుసు అది, మాస్టారు పాపం పెరడంతా తిరగనిచ్చేవాడు. దొరబాబు దుప్పుల్ని చూసి మొరగలేదు, తోకా ఊపలేదు. దుప్పులే ఒకదాని వెనక ఒకటి నక్కి నిలబడ్డాయి.

"తప్పిపోయినావిడది ఏ వాసనండీ?" అన్నాడు దొరబాబు.

"చుక్కమ్మని పేరు. మా అక్క..." అని నీలవేణి మొదలుపెట్టింది.

"పేరు నాకెందుకండీ. పడుకున్న చోటు చూపించండి చాలు."

నీలవేణికి ఉండబట్టలేదు. "దొరికాక తనని కరవవు కదా?"

దొరబాబు ఆలోచించాడు. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "నాకు వెతకడమే ఇష్టమండీ. దొరికాక ఏం చెయ్యాలో నాకు తెలీదు. పడుకుంటాను."

వెంటనే బయల్దేరతారనుకుంది మంద. మామ్మ ఒప్పుకోలేదు. "కాసేపు ఆగాలి. ఇప్పుడే తరుముడు తిని ఉంది, చెవులు ఇటే పెట్టి నిలబడి ఉంటుంది. ఎవరూ రావట్లేదని నమ్మితేనే పడుకుంటుంది. ఎండ ఆ గుట్ట దిగనీండి."

"మామ్మా, పిల్ల అరుపు నీకు వినపడట్లేదా?" అని నీలవేణి గొంతు పెంచింది.

"వినపడతందే తల్లీ," అంది మామ్మ. "నేనూ కన్నదాన్నే."

ఆ ఆగిన కాసేపూ ఎవరికీ ఎంతకీ గడవలేదు. పిల్ల అరిచి అరిచి చివరికి అరవడం మానేసింది. అదింకా భయంగా ఉంది. ఎట్టకేలకి ఎండ గుట్ట దిగింది.

"కుక్కని వదలకూడదు. గొలుసు వెనకాల ఎవరో ఒకరు ఉండాలి," అంది మామ్మ.

పరమేశం ముందుకొచ్చాడు. పోయిన మర్యాద కొంత, పోబోతున్న భోజనం కొంత, రెండూ అతన్ని తోశాయి. "నేనుంటాను. సింహాద్రి చెట్ల మీద ఉండాలి, నీకేమో వయసైపోయింది."

"సరే బావూ. నోటితో కరుచుకో."

"నోరు కట్టేసుకుంటే దారి చెప్పేదెవరు? నడుముకి కట్టండి." నోరు ఖాళీగా ఉండాలని అతనికి వేరే కారణం కూడా ఉంది. మామ్మకి అది అర్థమైంది. సింహాద్రివైపు చూసింది. సింహాద్రి గొలుసు కొస పరమేశం నడుముకి చుట్టి కొక్కెం తగిలించాడు.

"గట్టిగా తగిలించు నాయనా," అంది మామ్మ. "బావు జారిపోతే కష్టం."

నలిగిన గడ్డి దగ్గర దొరబాబు ముక్కు దించాడు. దించినవాడు ఎత్తడు! పరమేశం నాలుగుసార్లు ఆవులించాక గాని దొరబాబు కదల్లేదు. వాగు దగ్గర వాసన తెగిపోయింది. దొరబాబు కంగారు పడలేదు. చివరి రక్తపు చుక్క దాకా వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. అవతలి ఒడ్డున ఇందాకటి కుందేలు బొరియలోంచి బయటికొచ్చి, వీళ్లను చూసి బిగుసుకుపోయింది. దొరబాబు దాని పక్కనుంచే పోయాడు. కుందేలుకి కాస్త అవమానంగా కూడా అనిపించి ఉంటుంది. ఊరివైపునుంచి మాస్టారి ఈల వినపడింది, అన్నం వేళైందని. దొరబాబు చెవి కూడా కదపలేదు.

"పిలుస్తున్నారయ్యా!" అన్నాడు పరమేశం.

"వింటున్నానండి," అన్నాడు దొరబాబు, ముక్కెత్తకుండా.

అలా పోయి పోయి వెదురుపొదల దగ్గరికొచ్చారు. గాలి తిరిగింది. పరమేశం ముక్కుకి కూడా తెలిసింది, వెచ్చటి రక్తం, చాలా దగ్గర్లో. ఇక ఆగలేదు. పక్కనుంచి ఒక్క దూకు దూకాడు. గొలుసు బిగిసి, దూకినవాడు దూకినట్టే వెనక్కి పడ్డాడు. అవతలి కొసన దొరబాబు ఒక ఎండాకు మీద ముక్కు పెట్టి నిలబడి ఉన్నాడు.

"దొరబాబూ, అదిగో నాయనా, అక్కడే ఉంది. పద!"

"ఉండండి. ఈ చుక్క అవలేదు."

"ఆ చుక్క వదిలేయవయ్యా! దుప్పే అక్కడుంటే చుక్కతో ఏం పని?"

"ఒకటి వదిలేస్తే తర్వాతది నిజమో కాదో తెలీదండీ."

పరమేశం కాళ్లు నేలకి తన్ని లాగాడు. దొరబాబు పొట్టివాడే గాని బరువైనవాడు. లాగుతున్నారన్న సంగతి కూడా గమనించినట్టు లేడు.

ఈ లోపల కొమ్మల మీదుగా సింహాద్రి ముందుకెళ్లాడు. వెదురు మొదట్లో చుక్కమ్మ పడుకుని ఉంది. ఆకులు కదలగానే లేవబోయింది. సింహాద్రి, చెట్టు పళ్లు కిందికి రాల్చేటప్పుడు దుప్పుల్ని పిలిచే పిలుపు పిలిచాడు, మెల్లగా. రోజూ వినే గొంతు అది. చుక్కమ్మ తల మళ్లీ నేల మీద పెట్టింది.

"పిల్ల?" అంది.

"నీలవేణి దగ్గరుంది. కాలు ఇటివ్వు."

తీగ లోతుగా దిగింది. సింహాద్రి కిందికి దిగి పళ్లతో మెలి వదులు చేసి, వేళ్లతో ఒక్కో చుట్టూ విప్పాడు. చుక్కమ్మ ఒక్కసారి కూడా కాలు విదిలించలేదు. ఆఖరి చుట్టు ఊడి తీగ కింద పడ్డప్పుడు మాత్రం పెద్దగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి విని సింహాద్రికి కళ్లు చెమర్చాయి.

అప్పటికి దొరబాబు ఆ చుక్క, ఆ తర్వాతి చుక్క, వాటి తర్వాతివీ పూర్తిచేసుకుని వచ్చాడు. చుక్కమ్మ కాలు ఒకసారి వాసన చూశాడు. "ఇదేనండి," అని చెప్పి పడుకున్నాడు. వెనకే వచ్చిన పరమేశానికి చుక్కమ్మ కనపడలేదు. గొలుసు వెంటే నడిచి వచ్చిన దుంపల మామ్మ మధ్యలో అడ్డంగా నిలబడి ఉంది.

"అలిసిపోయారేటి బావూ?" అంది.

కాసేపటికి దొరబాబు లేచాడు. పని అయిపోయింది, ఇప్పుడు ఆకలి గుర్తొచ్చింది. ఊరివైపు తిరిగి, వచ్చిన దారినే నడక మొదలుపెట్టాడు. గొలుసు బిగిసింది.

"సింహాద్రీ, విప్పు!"

"ఉండు బావూ, వేళ్లు నొప్పెడుతున్నాయి."

"మీరు రోజూ వెళ్లే ఊరేగా!" అంది మామ్మ.

రోజూ వెళ్లే ఊరే. కానీ పొదల చాటుగా వెళ్లడం వేరు, బజారు కుక్కల మధ్యనుంచి గొలుసుతో ఈడ్చుకెళ్లబడడం వేరు. ఆగమని దొరబాబుని ఎంత బతిమాలినా లాభం లేదు, ఆ మొండితనం గురించి పొద్దున తనే చెప్పాడు. పరమేశం గోళ్లు నేలలో దించి వెనక్కి లాగాడు. గొలుసు నడుము ఒరిసి చర్మం లేచింది. అప్పుడొక అరుపు అరిచాడు. అందులో నటన లేదు.

"సింహాద్రన్నా, విప్పేయ్," అంది చుక్కమ్మ.

"నిన్ను తినాలని వచ్చినవాడే తల్లీ," అంది మామ్మ.

"తెలుసు మామ్మా. పొద్దుట నన్ను తరుముతుంటే కుక్క వెనకాల ఇతని అడుగులూ విన్నాను. అయినా ఇనుము అలా ఒరుసుకుంటుంటే నేను చూడలేను. నాకు కొత్తగా తెలిసిన నొప్పి అది."

సింహాద్రి వచ్చి కొక్కెం ఊడదీశాడు. పరమేశం నిలబడ్డాడు. ఒరుసుకుపోయిన నడుము నాక్కున్నాడు. తుప్పల్లోకి వెళ్లిపోయాడు. దొరబాబు ఇవేవీ పట్టించుకోకుండా ఖాళీ గొలుసు ఈడ్చుకుంటూ అన్నానికి పోయాడు.

నీలవేణి పిల్లను నడిపించుకుంటూ వచ్చింది. అది తూలుతూ వచ్చి, వాసన చూసి, తల్లి పొట్ట కింద మూతి పెట్టింది. ఈసారి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

చుక్కమ్మ ఇప్పటికీ కొంచెం కుంటుతుంది. పరమేశం కొన్నాళ్లు మొహం చాటేసి, మళ్లీ ఎప్పటిలాగే పుట్ట పక్కకి వచ్చి కూర్చుంటున్నాడు. ఊళ్లో ఎవరినైనా పొగిడితే దుప్పులు శ్రద్ధగా వింటాయి. అంతా విని, "సరే బావూ, ఇప్పుడు మీకు నచ్చనివాళ్లెవరో చెప్పండి," అని అడుగుతాయి.

నీతి: గాయపడినవాళ్లను వెతికే తోడును మన తొందరను బట్టి కాదు, వాళ్ల నొప్పిని బట్టి ఎంచుకోవాలి.